డెల్రాయ్ అంకుల్‌కు నేను చేసిన ఘన సన్మానం

పాడటానికి వచ్చిన గాయకుణ్ణి కుర్చీలో కూలేసి, ఆయన జీవిత చరిత్రను ఆయనకే అరగంటసేపు వినిపించిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ ఘనుణ్ణి నేనే. ఆ రోజు నేను చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ మైకు కనబడగానే చేతులు వెనక్కి పెట్టేసుకుంటాను.

నాలుగేళ్ల కిందటి మాట. ఇంగ్లీషువాళ్ల దేశంలో, క్రోయిడన్‌లో మా పక్క ఫ్లాట్‌లో డెల్రాయ్ అని డెబ్బై ఏళ్ల పెద్దాయన ఉండేవారు. రెగే, డాన్స్‌హాల్ అనే జమైకా పాటల్లో ఒకప్పుడు బాగా పేరున్న గాయకుడు. గొంతుకు ఆపరేషన్ జరిగి రెండేళ్లుగా పాట మానేశారు. ఇక పాడుకోవచ్చని డాక్టరు చెప్పింది అప్పుడే. ఆయన ఎనిమిదేళ్ల మనవరాలు టియానా తాతయ్యను స్టేజీ మీద ఒక్కసారి కూడా చూడలేదు. మా తెలుగు సంఘం వార్షికోత్సవంలో పాడతారా అని అడగ్గానే ఆయన కళ్లు మెరిశాయి.

"ఒక్క పాటే, సన్. అంతకంటే గొంతు ఒప్పుకోదు. ఆ ఒక్కటీ నా టియానా వినాలి," అన్నారు.

ఆయన్ని సభకు పరిచయం చేసే పని మా సంఘం అధ్యక్షులు నర్సింలు అంకుల్ నాకు అప్పగించారు.

"శీనూ, మనోళ్లకు ఆయనెవరో తెల్వది. జర గ్రాండ్‌గ చెప్పాలె."

"మీరు చూస్తా ఉండండి అంకుల్, హాలు అదిరిపోద్ది."

ఆ 'గ్రాండ్‌గ' అన్న మాటే నా కొంప ముంచింది. నెల రోజులపాటు నోట్‌బుక్ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లి, అల్లం టీ తాగుతూ, ఆయన పుట్టుక దగ్గర్నుంచీ రాసుకున్నాను. మొత్తం పద్నాలుగు పేజీలు తేలాయి. అదీ చాలక, మనవాళ్ల కోసం తెలుగులో, ఆయన కోసం ఇంగ్లీషులో, ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పాలని నిశ్చయించుకున్నాను. తన బతుకు సంగతులు ఆయనకు తెలియవేమోనని నా బెంగ!

హాలు మాకు సాయంత్రం ఐదింటిదాకానే. ఆ తర్వాత ఇంకెవరిదో బర్త్‌డే పార్టీ ఉంది. మనవాళ్ల సభ కదా, గంట ఆలస్యంగా మొదలైంది. పిల్లల డాన్సులన్నీ అయ్యేసరికి నాలుగూ ఇరవై.

నేను మైకు అందుకున్నాను. "ఆరేళ్ల పసిప్రాయంలో తల్లి చెయ్యి పట్టుకుని జమైకా నుంచి ఈ గడ్డ మీద అడుగుపెట్టిన ఆ బాలుడే, మన డెల్రాయ్ గారు!"

చప్పట్లు. తన పేరు వినబడింది, చప్పట్లు వినబడ్డాయి. పాపం ఆయన పాడమంటున్నారనుకుని లేచి వచ్చారు.

"వన్ మినిట్ అంకుల్," అని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను.

చర్చిలో పాడిన రోజులు చెప్పాను. పదిహేడేళ్లప్పుడు ఎవరిదో బేస్‌మెంట్‌లో, గోడంత స్పీకర్ల ముందు మొదటిసారి మైకు పట్టుకోవడం చెప్పాను. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు మాటలు దొర్లించే డాన్స్‌హాల్ పాటతో ఊరూరా మోగిపోవడం చెప్పాను. మళ్లీ చప్పట్లు. మళ్లీ ఆయన లేచారు. మళ్లీ కూర్చోబెట్టాను. మూడోసారి ఆయనే సగం లేచి, నా మొహం చూసి, తనంతట తనే కూర్చున్నారు.

వెనక నుంచి నర్సింలు అంకుల్ నా చొక్కా లాగారు.

"ఓ శీనూ, ఇంక యాడున్నవ్‌రా?"

"పాటలు తగ్గి బస్సు డ్రైవర్‌గా చేరారు అంకుల్. ఇంకో నాలుగు పేజీలే."

"నీ పేజీలు పాడుగాను! టైము చూడు!"

చూశాను. ఐదుకు పది నిమిషాలు. అప్పుడైనా మైకు ఆయన చేతికి ఇవ్వాలా వద్దా? ఇస్తే నేను తెలుగువాణ్ణెలా అవుతాను? సన్మానం కాకుండా అతిథి చేత పాడించడమా! శాలువా కప్పాం. ఫొటో సరిగ్గా రాలేదన్నారు, తీసి మళ్లీ కప్పాం. మెమెంటో ఇచ్చేటప్పుడు కమిటీవాళ్లందరూ ఫొటోలో పడాలన్నారు. పదకొండుమంది ఒక్కొక్కరే స్టేజీ ఎక్కారు.

ఆఖరికి డెల్రాయ్ అంకుల్ మైకు అందుకున్నారు. కళ్లు మూసుకున్నారు. గుండె నిండా గాలి పీల్చుకున్నారు. టక్‌మని మైకు చచ్చిపోయింది.

"ఫైవ్ ఓ క్లాక్, డియర్," అంది స్విచ్ బోర్డు దగ్గర నిలబడ్డ కేర్‌టేకర్. ఆమె వెనకే బెలూన్లూ కేకూ లోపలికి వచ్చేస్తున్నాయి.

ముందు వరసలోంచి టియానా అడిగింది: "గ్రాండాడ్, ఇంతేనా?"

ఆయన శాలువా సర్దుకున్నారు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పద్నాలుగు పేజీలు అక్కడికక్కడే నమిలి మింగేద్దామనిపించింది.

ఇంతలో కేకు పట్టుకొచ్చిన అరవై ఏళ్లావిడ ఆగిపోయింది. "డెల్రాయ్? నువ్వేనా? నా పెళ్లిలో నీ పాటకే కదా డాన్స్ చేశాం!" అని కేకు పక్కన పెట్టేసి ఆయన్ని వాటేసుకుంది. ఐదు నిమిషాల్లో వాళ్ల స్పీకర్లు బిగించేశారు. ఆవిడ మైకు తీసుకుని ఆయన్ని పరిచయం చేసింది. ఎలాగనుకున్నారు? "మన డెల్రాయ్!" అంది. అంతే, మైకు ఆయన చేతిలో పెట్టేసింది.

ఆయన పాడారు. గొంతు కాస్త బొంగురుపోయినా మనిషి పాతికేళ్ల కుర్రాడైపోయారు. జనం బల్లలు బాదుతూ గోల చేస్తే, పాట మధ్యలో ఆపి, మళ్లీ మొదటినుంచీ అందుకున్నారు. మన నాటకాల్లో వన్స్ మోర్ లాంటిదే వాళ్లకీ ఉందట. టియానా అరుస్తూ గంతులేస్తోంది. మా తెలుగు సంఘం సభ్యులందరం చేతుల్లో పులిహోర ప్లేట్లతో కారిడార్‌లో నిలబడి, తలుపు అద్దంలోంచి ఒకరి భుజాల మీదుగా ఒకరం చూశాం.

ఆయన బయటికి వచ్చాక తల వంచుకుని ఎదురెళ్లాను. "సారీ అంకుల్. నా వాగుడుతో అంతా పాడుచేశాను."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "నీ స్పీచ్ చాలా బాగుంది, సన్. జాగ్రత్తగా దాచిపెట్టు. నా ఫ్యూనరల్‌లో అదే చదువు. ఆ రోజు నాకు తొందరేమీ ఉండదు."

కనుక పాఠకుల సాక్షిగా, పులిహోర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పాటగాణ్ణి పరిచయం చేయాల్సి వచ్చినా పేరొక్కటి చెప్పి స్టేజీ దిగిపోతాను. డెల్రాయ్ అంకుల్ కోరిన ఆ ఒక్క ప్రసంగం విషయంలో మాత్రం, ఆయన నన్నెంత క్షమించినా సరే, నాకా అవకాశం నూరేళ్లదాకా దక్కకూడదు.