అద్దంలో దొరికిన నర్సింలు నాయిన

బతికుండగానే మెడలో బంతిపూల దండతో గోడకెక్కి, ఎదురుగా విస్తరిలో పోలెలు, అంటే బొబ్బట్లు, పెట్టించుకున్న మనుషులు జహీరాబాద్‌లో ఎందరున్నారో నాకు తెలియదు. ఒకడు మాత్రం బాగా తెలుసు. వాడు రోజూ నా చెప్పులే వేసుకుని తిరుగుతాడు.

అప్పటికి నేను రిటైరై ఆరు నెలలు. ముప్పై రెండేళ్లు బడిలో సోషల్ చెప్పాను. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాణ్ణి గానీ, ఉద్యోగంలో చేరాక భారతదేశ పటం తప్ప మరో బొమ్మ వేసే తీరిక దొరకలేదు. రిటైరవగానే రంగులు కొన్నాను. వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతూ హైవే మీద పోయే చెరుకు లారీలు, మా ఆవిడ ఎండబోసిన మిరపకాయలు, ఏది కనబడితే అది గీసేవాణ్ణి. పొరపాటున చాయ్ గ్లాసులో కుంచె కడిగి, ఆ చాయే తాగేసిన రోజులూ ఉన్నాయి. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. వీధిలో నలుగురూ "సారు బొమ్మలు మంచిగ ఏస్తుండు" అనేసరికి మాత్రం నా కాళ్లు నేల మీద ఆనలేదు.

పక్కింటి నర్సింలు అల్లం రైతు, నా దగ్గర చదువుకున్నవాడే. ఒకనాడు తల్లి మొగులమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"సారూ, మా నాయిన పోయి పదేండ్లాయె. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. పెత్తరమాస నాడు పెద్దలకు పెట్టుకుంటం గదా, ఆయన బొమ్మ జర గీసియ్యుర్రి."

అతని చేతిలో ఎవరిదో పెళ్లిలో తీసిన గుంపు ఫోటో ఉంది. అందులో ఆయన ముఖం పెసరగింజంత. తలపాగా ఒక్కటే తెలుస్తోంది.

"ముక్కు ఎట్లుండె అవ్వా?" అని మొగులమ్మను అడిగాను.

"ముక్కు లెక్కనే ఉండె సారూ."

"మరి కండ్లు?"

"నాకేమెర్క. మా కాలంల మొగని మొకం దిక్కు ఎవరు సూస్తరు? తలకాయ దించుకునే బతుకంత ఎల్లిపాయె." ఫోటోలోని తలపాగా మీద వేలు పెట్టి అంది, "ఆయన ఉన్నప్పుడు నిండుగ సూడలె. బొమ్మలనన్న సూస్తనని ఆశ."

ఆ మాట విన్నాక కాదనే మనిషి ఉంటాడా? తెలివున్నవాడైతే ఉండాలి. నేను సరేనన్నాను.

తలపాగా అద్భుతంగా కుదిరింది. దాని కింద ముఖం ఖాళీ. మూడు రోజులు ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. మొదట వేసిన ముక్కు గుజరాత్‌లా వచ్చింది, చేతికి ఉన్న అలవాటు అది. ముక్కు నీడ ఎటు పడుతుందో చూద్దామని, అదీ కేవలం నీడ కోసమని, అద్దం తెచ్చుకున్నాను. తర్వాత కంటి కింది ముడత కోసం ఒకసారి చూశాను. పెదవి కోసం రెండుసార్లు. బొమ్మ పూర్తయ్యాక, ఈ మనిషిని ఎక్కడో చూశానే అనిపించింది. ఆ ఫోటోలోనే చూసి ఉంటానని సర్దిచెప్పుకున్నాను.

పెత్తరమాస నాడు నర్సింలు, నేను గుడ్డ కప్పి ఇచ్చిన బొమ్మను అలాగే గోడకు తగిలించి, తల వంచుకునే ఆ గుడ్డ తీసి, దండ వేసి, ముందు పోలెల విస్తరి పెట్టాడు. నేనూ మా ఆవిడా సహా అందరం భక్తిగా దండం పెట్టాం. తలెత్తిన నర్సింలు బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బొమ్మను చూశాడు.

"తలపాగ పెట్టుకొని ఆడ ఎప్పుడు కూసున్నవయ్యా?" అంది మా ఆవిడ నా చెవిలో. వెంటనే గొంతు పెంచి, "బతికున్న మనిషికి దండేంది, తియ్యుర్రి ముందుగాల" అంది.

మొగులమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, మొగుడి ముందుకు వచ్చినట్టే తల దించుకుని వచ్చింది. చాలాసేపటికి ధైర్యం చేసి తలెత్తింది.

"గీ మొకం నేను రోజు పొద్దుగాల సూస్తనే ఉన్న గదా నర్సింలూ" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది. పదేళ్ల ఆశను నా ముఖంతో పాడుచేశానని ఏడుపొచ్చింది. బొమ్మ దింపబోయాను.

"ఆగు సారూ" అంది ఆమె, బొమ్మనే చూస్తూ. "ఆయన ముక్కు గింత పొడుగు లేకుండె."

నేను ఆగాను.

"గడ్డం గిట్ల లోపలికి లేకుండె. నవ్వితె ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుండె."

మా ఆవిడ పరుగున రంగులు తెచ్చింది. పోలెలు చల్లారిపోతుండగా మొగులమ్మ నా పక్కన కూర్చుని "అట్ల కాదు, చెరిపెయ్యి, మళ్లా గియ్యి" అంటూనే ఉంది. ముప్పై రెండేళ్లు పిల్లలను నేను అన్న మాటలన్నీ ఒక్క పూటలో పడ్డాను. చెవుల దగ్గరికి వచ్చేసరికి ఆమె, "అవి యాదికి లేవు. నీయే ఉండనియ్యి" అంది.

సాయంత్రానికి ఆమె మాటలు ఆగిపోయాయి. బొమ్మలో నాకు తెలియని ఒకాయన నవ్వుతున్నాడు. మొగులమ్మ ఆయన్నే నిండుగా చూస్తోంది.

"మొగని మొకం దిక్కు సూడనే లేదంటివి గదా అవ్వా?"

"దొంగతనంగ సూసిన సారూ" అని కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

ఇక ముందు ఎవరి బొమ్మ వేసినా అద్దం వైపు కన్నెత్తి చూడనని రెండు చెవులూ పట్టుకుని ప్రమాణం చేశాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. నా తలకున్నవి పట్టుకుంటే సగం ప్రమాణమేనట. అందుకే ఏటా పెత్తరమాసకు నర్సింలు ఇంటికి వెళ్లి, గోడ మీదున్న నా మిగతా రెండు చెవులకూ భక్తిగా దండం పెట్టి, పోలెలు తిని వస్తున్నాను.