నేను ఏరి పారేసిన సముద్రం

మొన్న మా నార్సింగి అపార్ట్‌మెంటులో బోరు ఎండిపోతే ట్యాంకరు తెప్పించారు. సంపులోకి నీళ్లు దిగీ దిగకముందే మూడో అంతస్తు పెద్దమనిషి కిందికొచ్చి, దోసిట్లో పట్టి పుక్కిలించి, "ఇంత ఉప్పేంటండీ, ఇవేం నీళ్లు!" అని ట్యాంకరు డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. నాకు నవ్వూ వచ్చింది, మనసు కాస్త కలుక్కుమంది కూడా. ఆయన కనీసం నోట్లో పోసుకుని మాట్లాడాడు. నేనొకప్పుడు కంటితో చూడకుండానే ఒక సముద్రంలో ఉప్పు సరిగా లేదని తేల్చి పారేశాను.

తొంభైల చివరి మాట. కొండాపూర్‌లో కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇంట్లో మా ఆఫీసు. కిటికీ తీస్తే బండలు, బండలు పేల్చే చప్పుడు, దూరంగా కొత్త గుండ్రటి మేడ. ఇంత రాతినేల మీద కూర్చుని మేం చేసే పని సముద్రాన్ని బీరువాలో భద్రపరచడం! ఓడల్లో వెళ్లే శాస్త్రజ్ఞులు ఒక పరికరాన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దింపి, ఏ లోతున ఎంత వేడి, ఎంత ఉప్పు అని కొలుస్తారు. ఆ అంకెలు పళ్లెమంత టేపు చుట్టల మీద మాకు చేరతాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, సరిచూసి, సీడీల్లోకి దించి దాచాలి. మా అత్తగారు వాడకట్టంతా "మా కోడలు సముద్రం లెక్కలు రాస్తది" అని చెప్పుకునేది. నేను మెదక్ దిక్కు పిల్లను. అప్పటికి సముద్రం మొహమే చూడలేదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడ్డాను.

మా సారుది కాకినాడ దగ్గరి ఊరు. సగం వయసు ఓడల మీదే గడిపి రిటైరయ్యాక మాకు పెద్దగా వచ్చారు. ఆయన నియమం ఒక్కటే: "అంకెను ముట్టుకోకండమ్మా. అనుమానముంటే పక్కన గుర్తు పెట్టండి, అంతే." మంచి అంకెకు ఒకటి, అనుమానమైతే మూడు, చెడ్డదైతే నాలుగు. ఆ ఏడు సెప్టెంబరులో గోదావరి సముద్రంలో కలిసేచోట తిరిగిన ఓడ టేపు నా వంతుకొచ్చింది. కిలో నీళ్లకు ఉప్పు ముప్పై గ్రాములు దాటి ఉండాలని మా పట్టికలో ఉంది. ఇందులో చూస్తే ఇరవై రెండు, ఇరవై ఒకటి, పేజీలకు పేజీలు అదే. నియమం ప్రకారం నాలుగులు పెట్టుకుంటూ పోయాను. కాగితం మీద అచ్చు తీసి చూస్తే మొత్తం నాలుగులే, నాకే సిగ్గేసింది. బియ్యంలో రాళ్లేరడం చేతికి అలవాటైనదాన్ని. ఏరిన రాయికి గుర్తు పెట్టి మళ్లీ బియ్యంలోనే ఉంచుతారా ఎవరైనా? అన్నీ ఏరి పారేశాను. శుభ్రంగా ఉన్న సీడీని చూసి మురిసిపోయాను కూడా. డిస్కులో జాగా చాలదని మొదటి కాపీని తుడిచేశాను. టేపును బాలానగర్ వెళ్లే పెట్టెలో వేశాను. అక్కడొక వర్క్‌షాపులో పెద్ద అయస్కాంతపు మిషను ఉండేది. మేం దించుకున్న టేపులను అందులో చెరిపించి, మళ్లీ వాడుకోవడానికి ఓడకు పంపేవాళ్లం. ఓడలో వేరే కాపీ ఉండేది కాదు.

మర్నాడు పన్నెండు గంటలకు సారు ఆ సీడీ నుంచి పటం గీయించి, కళ్లజోడు పైకి తోసి అడిగారు.

"ఏమ్మా, ఒడ్డు పక్కన ఇన్ని ఖాళీలేంటి?"

"ఉప్పు మరీ తక్కువుంది సార్. మిషన్ ఖరాబైనట్టుంది. తీసేసిన."

ఆయన కేకలేస్తారనుకున్నాను. కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. "వరద రోజులు కదమ్మా అవి. గోదారి నీళ్లు పైన తేలి సముద్రం చప్పబడిపోతుంది. మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. ఆ చప్పనీళ్లు ఎంత లోతు దాకా ఉన్నాయో కొలవడానికే ఓడ వెళ్లింది. టేపేదీ?"

బాలానగర్ పెట్టెలో వేశానని చెప్పాను. పెట్టె పొద్దునే వెళ్లిపోయింది. ఫోను చేద్దామంటే రోడ్డు తవ్వినవాళ్లు కేబుల్ తెంపి రెండు రోజులైంది. పెట్టె దించి అప్పుడే తిరిగొచ్చిన మా డ్రైవరన్న టిఫిన్ డబ్బా మూత తీయబోతుంటే, సారూ నేనూ జీపెక్కి కూర్చున్నాం. మదీనాగూడ దగ్గర లారీలు అడ్డం. ఎస్టీడీ బూత్‌లోకి పరుగెత్తి వర్క్‌షాపుకు ఫోను చేశాను, ఎంగేజ్. మళ్లీ చేశాను, ఎంగేజ్. నా చెమటలు చూసి డ్రైవరన్న జాలిపడ్డాడు.

"పరేషాన్ గాకక్కా. నేను పెట్టె దించినప్పుడు ఆల్లు మిషనే సురూ చేయలే. తిన్నంక గాని ముట్టరు."

ఆ మాటను పట్టుకుని బాలానగర్ దాకా వెళ్లాను. ఇవాళ ఒక్కరోజు వాళ్లు బద్ధకించేలా చూడమని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.  

వర్క్‌షాపు మనిషి నవ్వుతూ ఎదురొచ్చాడు. "మీది ఎప్పుడు అర్జంటే గద సార్. తిననీకె గూడ లేవలే. అన్ని అయిపోయినయి!" పెట్టెలో టేపులు వరసగా, కొత్త చీటీలతో ఉన్నాయి. గోదావరి టేపు పైనుంచి మూడోది. నేను అక్కడే, ఆ గ్రీజు వాసనలో నిలబడి ఏడ్చేశాను.

తిరుగుదారిలో సారు టీ కోసం దిగినప్పుడు డ్రైవరన్న వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు. "మిషన్ ఖరాబైందని రాసెయ్యక్కా. ఎవనికి తెలుస్తది?" నిజం చెప్పాలంటే ఆ మాట నా మనసులో బాలానగర్‌లోనే పుట్టింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటైతే, సముద్రం చూడనిదాన్నని బయటపడుతుందన్న భయం ఇంకొకటి.

ప్రతి సీడీతో పాటు చరిత్ర అని ఒక పేజీ ఉంటుంది. ఆ అంకెలకు ఎవరెవరు ఏమేం చేశారో అందులో రాయాలి. ఎప్పటికైనా వాటిని వాడేవాళ్లు ముందు చూసేది ఆ పేజీనే. సాయంత్రం దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. చివరికి రాశాను: 'ఇక్కడి కొలతలు సరైనవే. తప్పనుకుని నేను తీసేశాను. పరికరంలో దోషం లేదు.' కింద నా పేరు పెట్టాను. సారు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేశారు. నా ఉద్యోగం పోలేదు.

వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి అడిగాను. "ఓడ మల్ల పోతది గద సార్?"

"వెళ్తుందమ్మా, వచ్చే సెప్టెంబరుకి," అన్నారు ఆయన, పటం చుడుతూ. "అప్పటి నీళ్లు కొలుచుకొస్తుంది."

అప్పుడు నాకది ఓదార్పులాగే వినిపించింది. ఆ తర్వాత ఎన్నో ఓడలు వెళ్లాయి, ఎన్నో సెప్టెంబర్లు అంకెలై బీరువాలు నింపాయి. నేను ఖాళీ చేసిన ఆ కొద్ది రోజుల దగ్గరికి మాత్రం ఏ ఓడా వెళ్లి రాలేదు.