నాగదుర్గ పట్టుకున్న ప్రొటీన్

ఉప్పలగుప్తం హైస్కూల్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్నవాళ్లలో ఇంజినీర్లున్నారు, దుబాయ్‌లో సూపర్‌వైజర్లున్నారు, ఒక తహసీల్దారూ ఉన్నారు. ఎవరైనా ఒక్క పేరు చెప్పమంటే మాత్రం నేను గంగరాజు గారి అమ్మాయి నాగదుర్గ పేరే చెబుతాను.

గంగరాజు గారు రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తారు. నాగదుర్గ అమలాపురంలో డిగ్రీ, విశాఖలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా చేరింది. డాక్టరేట్లున్నవాళ్ల మధ్య ఆమెది చిన్న ఉద్యోగం. ఆపరేషన్లో తీసిన మెదడు గడ్డల ముక్కలు అక్కడికి వస్తాయి. వాటిలోని కణాలను చిన్న గిన్నెల్లో పెంచి, కీమో మందు వేసి, ఏవి చస్తున్నాయో ఏవి చావట్లేదో చూడాలి.

ఆమె ఫోన్లో నాకు వివరంగా చెప్పేది. ప్రతి కణమూ పనైపోయిన ప్రొటీన్లకు ఒక గుర్తు తగిలించి వాటిని ముక్కలు చేసేస్తుందట. గడ్డ పెరగకుండా ఆపే ప్రొటీన్లు మరీ తొందరగా ముక్కలైపోతే గడ్డ పెరుగుతుంది. మందు కొట్టిన దెబ్బను బాగుచేసే ప్రొటీన్ ముక్కలవకుండా ఉండిపోతే మందు పనిచేయదు.

ఒకసారి నాలుగు గడ్డల దగ్గర చిక్కొచ్చింది. ఆ కణాలు ఈ బాగుచేసే ప్రొటీన్‌ను చాలా తక్కువగా తయారుచేస్తున్నాయని ఒక పరీక్ష చెప్పింది. తీరా చూస్తే ప్రొటీన్ దండిగా ఉంది. కణాలు మందుకు లొంగట్లేదు.

"నమూనాలు కలిసిపోయి ఉంటాయమ్మా, మళ్లీ చెయ్యి" అన్నారు ల్యాబ్ పెద్ద జనార్దన్ గారు. మూడుసార్లు చేసింది. అదే జవాబు. ఆమె చేతిలోనే పొరపాటుందని అందరూ అనుకున్నారు. పక్క బల్ల దగ్గర పనిచేసే కిషోర్ మెల్లగా సలహా ఇచ్చాడు. "ఆ నాలుగూ తీసేస్తే గ్రాఫు శుభ్రంగా వస్తుంది కదా!"

"వచ్చినదాన్ని రాలేదని ఎలా రాస్తానండీ?" అంది నాగదుర్గ.

ఆ వారమే సెలవు పెట్టి ఇంటికొచ్చింది. నన్ను చూడగానే, "మానేద్దామనుకుంటున్నాను మాస్టారండీ. నాకు చేతకావట్లేదేమో" అంది. ఇద్దరం చెరువు దాకా నడిచాం.

గంగరాజు గారు చెక్ ట్రే పైకి లాగుతున్నారు. కొంచెం మేత పెట్టి, తాడు కట్టి నీళ్లలోకి దింపే వల పళ్లెం అది. మేత వేసిన రెండు గంటలకు తీసి చూస్తారు.

"ఈ పూట మేత ఎంత వేశారండీ?" అని మాటవరసకి అడిగాను.

"ఎంతేసేమన్నది కాదండీ, ఎంత మిగిలిందో చూడాలండి. మిగిలిందంటే లోపల రొయ్యకేదో తేడా చేసినట్టే" అన్నారాయన.

నాగదుర్గ గట్టు మీద అలాగే నిలబడిపోయింది. "నాన్నా, మళ్లీ చెప్పు" అంది. ఆయన మళ్లీ చెప్పేసరికి నా వైపు తిరిగింది.

"మాస్టారండీ! ఎంతసేపూ ఆ ప్రొటీన్ ఎంత తయారవుతోందనే చూస్తున్నాం. పాతది ముక్కలవుతోందా, మిగిలిపోతోందా అని చూడనేలేదు."

ఇంకా నాలుగు రోజుల సెలవు మిగిలి ఉండగానే మర్నాడు బస్సెక్కేసింది.

సంగతి విని జనార్దన్ గారు వారం గడువిచ్చారు. కొత్త ప్రొటీన్ తయారవకుండా కణాలకు ఒక రసాయనం వేసి, పాతది ఎంత మిగిలిందో రెండేసి గంటలకోసారి చూసిందామె. మందుకు లొంగే కణాల్లో అది సాయంత్రానికి మాయమైంది. ఆ నాలుగింటిలో చెక్కుచెదరలేదు. జనార్దన్ గారు సీసాల మీద పేర్లు తీయించి, అంకెలు మాత్రం వేసి కిషోర్ చేత అదే పరీక్ష చేయించారు. ఏది ఏ గడ్డదో అతనికి తెలియదు. అతనికీ అదే వచ్చింది. తర్వాత ఆ ప్రొటీన్ ముక్కలయ్యేలా చేసే ఇంకో పదార్థాన్ని కలిపి చూస్తే, మొండికేసిన కణాలు కీమో మందుకు చావడం మొదలుపెట్టాయి.

"తప్పు నీ చేతిలో లేదమ్మా, నా చూపులో ఉంది" అని జనార్దన్ గారు అందరి ముందూ అన్నారట. పరిశోధన పత్రం అచ్చయినప్పుడు మొదటి పేరు ఆ టెక్నీషియన్ పిల్లదే.

ఆ పత్రం పట్టుకుని కిందటి నెల ఊరొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అయితే మందు దొరికేసినట్టేనా అమ్మాయ్?" అన్నారు గంగరాజు గారు.

"లేదు నాన్నా. ఇది గిన్నెలో కణాల సంగతే. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. ఆ నాలుగు గడ్డలకీ మందు ఎందుకు పట్టలేదో మాత్రం తెలిసింది."

ఆయన ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని, "ఉన్నదున్నట్టు చెప్పేవు. అది చాలమ్మా" అన్నారు.

ఇప్పుడు నాగదుర్గ అదే ల్యాబ్‌లో డాక్టరేట్ చేస్తోంది. మొన్న నేను చెరువు దగ్గరుండగా, రొయ్యలు కొనడానికొచ్చిన వ్యాపారి గంగరాజు గారిని, "మీ అమ్మాయి డాక్టరంట కదండీ?" అని అడిగాడు.

"ఆయ్, ఇంకా అవలేదండి, అవుతాది. మెదడులో గడ్డలకి మందెందుకు పట్టట్లేదో కనిపెట్టే పనండి మా అమ్మాయిది" అన్నారు గంగరాజు గారు.

ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.