గంట మోగేదాకా

మా ఊరి గురువారం సంతలో గంట మోగనిదే ఎవరూ ఏదీ అమ్మరు. రాజుల కాలంనాటి కట్టుబాటు. చీజ్ అమ్మే హిల్డా ప్రౌట్ అయితే బల్ల మీది గుడ్డ అంచు కూడా ఎత్తదు. వేళ్ల దగ్గర చిరిగిన ఉన్ని తొడుగులతో ఆ గుడ్డనే సర్దుతూ, గంట కొట్టే సిరిల్‌ను తిడుతుంటుంది.

"ముసలోడా, నువ్వు కొట్టేలోపు నా చీజ్‌కి బూజు పట్టేస్తుంది!"

"పట్టనీ, బూజు చీజ్‌కే గిరాకీ అని ఇంకో నాలుగు పెన్నీలు ఎక్కువకి అమ్ముకుంటావుగా!"

సిరిల్ పోయాక వచ్చిన మొదటి సంతలో గంట మోగలేదు. సన్నటి వానలో జనం సంచులతో నిలబడ్డారు.

"ఇంకా ఎవరికోసం హిల్డా? మొదలెట్టు తల్లీ," అన్నాడు పక్కబల్ల రొట్టెలాయన. ఆమె బల్ల మీది గుడ్డనే ఇంకోసారి సర్దింది. కాసేపటికి తూకం రాయి తీసి, తక్కెడ ఇత్తడి పళ్లేన్ని ఠంగుమని కొట్టింది. బల్లలన్నిటి మీదా గుడ్డలు లేచాయి.

ఆమెది మాత్రం సాయంత్రం దాకా కప్పే ఉంది.