ఉప్పుటేరు గట్టు మీద బావురుపిల్లి

హైమ అడవి జంతువుల మీద పీహెచ్‌డీ చేస్తోందని తెలిసినప్పుడు భీమవరం చుట్టాలందరిదీ ఒకటే మాట: "మనకి అడవెక్కడుందమ్మా?" విశాఖలో ఆమె గైడు కూడా ఇంచుమించు అదే అన్నాడు. గోదావరి జిల్లాల్లో జంతువులు కావాలంటే పాపికొండల వైపు వెళ్లాలిగానీ చేపల చెరువుల్లో ఏముంటాయి అని.

హైమ మాత్రం చిన్నప్పుడే చూసింది. పెదనాన్న వెంకటపతిరాజుగారి చెరువు గట్టున, జమ్ముగడ్డిలోంచి ఒక జంతువు నెమ్మదిగా బయటికొచ్చి, నీళ్లలోకి పంజా విసిరి చేపని లాక్కుపోయింది. పిల్లికన్నా బాగా పెద్దది. బూడిదరంగు ఒంటిమీద నల్లమచ్చలు, పొట్టి తోక. ఆ పక్క దాన్ని బావురుపిల్లి అంటారు. డెల్టాలో అది ఇంకా ఎక్కడెక్కడ మిగిలుందో పటం గీయాలని ఆమె పట్టుదల.

2002 వేసవిలో పెదనాన్నగారింట్లో మకాం పెట్టింది. పొద్దున్నే స్కూటీ మీద ఉప్పుటేరు గట్టుకి పోయి బురదలో అడుగుజాడలు కొలిచేది. ఎండిన పెంట కవర్లలో ఏరుకొచ్చేది. అందులో ఎముకలు చూస్తే అది ఏం తింటోందో తెలుస్తుంది. ఎక్కువగా కనబడినవి ఎలకల ఎముకలే.

"రాజుల ఆడపిల్ల పిల్లిపెంట ఏరుకోవడమేంటే?" అని పెద్దమ్మ సూర్యకాంతమ్మ గుమ్మంలోనే ఆపేసేది. "సావిట్లో పడేసి, స్నానం చేసి లోపలికి రా."

డిపార్ట్‌మెంటులో వాళ్లని బతిమాలి ఒక కెమెరా తెచ్చి జమ్ము అంచున కట్టింది. ఎదురుగా ఏది కదిలినా దానంతటదే ఫొటో తీస్తుంది. రీలు కడిగిస్తే ఊరకుక్కలు వచ్చాయి, మేతబస్తాలు మోసేవాళ్ల లుంగీలు వచ్చాయి, చివర్న మసగ్గా ఒక తోక వచ్చింది. గైడు ఆ తోకని వెలుగులో పట్టుకుని చూశాడు.

"మామూలు అడవిపిల్లి, జంగుపిల్లిదీ కావచ్చు కదమ్మా?"

"ఆ పొట్టితనం చూడండి సార్!"

"నేను ఒప్పుకుంటే చాలదు. ఒళ్లంతా కనబడే ఫొటో ఉండాలి. లేదా జంతువే ఉండాలి."

వానలు పడ్డాక జంతువే దొరికింది. అవతలి చెరువుల దగ్గర చిరుతపిల్లని కొట్టి చంపేశారని ఒక ఉదయం కబురొచ్చింది. హైమ వెళ్లేసరికి గట్టుమీద జనం పలచబడ్డారు. కాలిన వెంట్రుకల వాసన ఇంకా పోలేదు. అటవీశాఖ ఉద్యోగి కాలవలో చేతులు కడుక్కుంటున్నాడు.

"ఏదండీ అది?"

"దహనం చేసేశామండి."

"కొలతలు తీశారా? ఫొటో అయినా?"

"పేపరాయన తీశాడండి."

"అది చిరుత కాదండి, బావురుపిల్లి! ఇక్కడ అది ఉందని ఎవరూ నమ్మట్లేదు. అందుకే తిరుగుతున్నాను."

ఆయన విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. "అయ్యుండొచ్చు మేడం. కానీ పంచనామాలో చిరుత అని రాసేశాం. ఇప్పుడు మారిస్తే నాకు మెమో వస్తుందండి."

మర్నాడు పేపర్లో కర్రలు పట్టుకున్న మగాళ్లు నవ్వుతూ నిలబడ్డారు. వాళ్ల కాళ్ల సందున నల్లగా ఏదో ఉంది. పైన పెద్దక్షరాలతో 'చిరుతల సంచారం' అని వేశారు.

ఆ పేపరు పట్టుకుని హైమ విశాఖ వెళ్లింది. గైడు తల అడ్డంగా ఊపాడు. తిరిగొచ్చేసరికి ఉప్పుటేరు వెంబడి జమ్మంతా బూడిదై ఉంది. అడుగుజాడలు లేవు, పెంట లేదు, దాక్కునే చోటే లేదు. పెట్రోలు పోయించి తగలబెట్టించింది వెంకటపతిరాజుగారే.

"అది పిల్లి అని మీకు ఎన్నిసార్లు చెప్పాను పెదనాన్నగారూ!" హైమ ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆయన పడక్కుర్చీలోంచి లేచారు. "పేపర్లో చిరుత అని రాశారు కదా తల్లీ. నువ్వేమో ఒక్కదానివీ ఆ జమ్ములో తిరుగుతావు. రేపు నీకేమన్నా అయితే మీ నాన్నకి నేనేం చెప్పను?"

తిట్టడానికి నోరు రాలేదు. పోనీలే అనడానికి మనసొప్పలేదు. సావిట్లోకి పోయి కవర్ల మధ్య కూర్చుని ఏడ్చింది. సూర్యకాంతమ్మ కాఫీ పట్టుకుని వచ్చి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, పక్కనే కూర్చుంది.

థీసిస్ పాసైంది. అందులో గైడు మాట మీద వెళ్లి రాసిన పాపికొండల అధ్యాయం లావుగా ఉంది. డెల్టా పటంలో ఉప్పుటేరు పక్కన గైడు పెట్టించిన ప్రశ్నార్థకం ఒకటి ఉంది. తునిలో ఒక కాలేజీలో హైమకి జువాలజీ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది.

సెలవులకి భీమవరం వస్తే ఇప్పటికీ గట్టు మీదికి వెళుతుంది. జమ్ము అక్కడక్కడా మళ్లీ లేచింది. ఒంటరిగా పంపడం ఇష్టంలేక పెదనాన్నగారు కర్ర పట్టుకుని వెంట వస్తారు. ఆయన జేబులో సెల్లు మోగుతూనే ఉంటుంది. మేత లారీ గురించి, ఐసు గురించి ఉప్పుటేరు అవతలికి వినబడేలా మాట్లాడుతూ నడుస్తారు.

"పెదనాన్నగారూ, కాస్త మెల్లగా."

"ఆ, ఆ, అలాగే తల్లీ," అని ఆయన ఫోను రెండో చెవికి మార్చుకుంటారు.