నిమ్మతోటల బీరువాలో ప్రేమకథలు

కరోనాకు ముందు ఏడాది, ఉగాది దాటిన వారంలో నన్ను రాజంపేట వైపు ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. ఊరి పేరు చెప్పను. చెబితే ఇందులోని పెద్దమనిషి ఎవరో ఇంటింటికీ తెలిసిపోతుంది, ఆయన కోపమంటే నాకు ఇప్పటికీ భయమే. నా హోదా రెండో గ్రేడు గ్రంథపాలకురాలు. వినడానికి పెద్దగా ఉంటుంది గానీ తాళం తీయడం, పేపర్లు పరచడం, పుస్తకాలు ఇవ్వడం, తిరిగి రాని పుస్తకాల కోసం పోస్టుకార్డులు రాయడం అన్నీ నేనే. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మధ్యలో వంట.

నేను చేరిన నెలలోనే, బెంగళూరుకు కాపురం మార్చుకుంటున్న ఒక రిటైర్డ్ లెక్చరర్ రెండు అట్టపెట్టెల పుస్తకాలు ఉచితంగా ఇచ్చిపోయాడు. ఉచితంగా వచ్చిన పుస్తకానికైనా ఒక పద్ధతి ఉంది. ముందు రిజిస్టరులో వరస సంఖ్య వేయాలి. తర్వాత లోపల ఏముందో చూసి, విషయాన్ని బట్టి వర్గ సంఖ్య ఇవ్వాలి. పుస్తకం ఏ బీరువాలో ఉండాలో చెప్పేది ఆ వర్గ సంఖ్యే. ఆ పెట్టెల్లో ఏడు తెలుగు నవలలున్నాయి, ఏడూ ఒకే తోవవి. కుర్రవాడు పెద్దవాడవుతూ తానెవరో తెలుసుకునే కథలు, మగవాడు మగవాడిని ప్రేమించే కథలు. గే నవలలని ఇప్పటి పిల్లలు మామూలుగా అనేస్తారు. నా నోటికి ఆ మాట అలవాటు కావడానికి కొంతకాలం పట్టింది. వర్గ సంఖ్య కోసమని ఒకటి తెరిచాను. లారీ టైర్లకు పంక్చర్లు వేసేవాడొకడు, పాలిటెక్నిక్ ముగించి ఉద్యోగం వెతుక్కునేవాడొకడు. అది నవల అని మొదటి పేజీలోనే తెలిసిపోయింది, నేను మాత్రం సగం పుస్తకం అయ్యేదాకా లేవలేదు. ఆ పూట పప్పు మాడిపోయింది.

ఇక నా తప్పు. మా నవలల బీరువా తలుపుకెదురుగా, పేపరు చదివే పెద్దమనుషుల బెంచీ పక్కనే ఉండేది. ఎవరు ఏ నవల తీసినా వాళ్లు అట్ట చూసి, మొహం చూసి, సాయంత్రంలోగా ఊరంతా చెప్పేవాళ్లు. వ్యవసాయం బీరువా మూలన ఉండేది. ఊరి నిండా రైతులే అయినా దాని జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. తోట సంగతి పుస్తకం చూసి తెలుసుకున్నాడంటే పరువు తక్కువ కదా! అందుకని ఆ ఏడింటికీ ఆరువందల ముప్ఫై అని వేశాను. అంటే వ్యవసాయం. పెన్సిలుతో కూడా కాదు, సిరాతోనే. ముప్ఫై ఏళ్ల సర్వీసులో తెలిసి వేసిన తప్పుడు సంఖ్య అదొక్కటే. నిజం చెప్పాలంటే, వేస్తుంటే భలే సరదాగా ఉండింది.

నెల తిరగకముందే వాటిని ఒకతను పట్టేశాడు. సురేంద్ర అనుకుందాం. ఇరవై ఏడేళ్లు, మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటరు, నాగిరెడ్డిగారి ఒక్కగానొక్క కొడుకు. నాగిరెడ్డిగారంటే, ఆ పేరూ నేను పెట్టిందే, నిమ్మ, మామిడి తోటల ఆసామి. రోజూ నేను తాళం తీయకముందే మెట్ల మీద నిలబడి, పేపరు మొదటి మడత తానే విప్పాలని పట్టుబట్టే మనిషి. తండ్రి పొద్దున వస్తే కొడుకు సాయంత్రం వచ్చేవాడు. మూల బల్ల దగ్గర కూర్చుని, పోటీ పరీక్షల గైడు ఒకటి పక్కన తెరిచి పెట్టుకుని, ఆ నవలలు చదివేవాడు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఇవి ఈడ యెందుకుండాయి?" అని అడిగాడు. చీడపీడలు పట్టకుండా అన్నాను. నవ్వాడు. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ ఈ జిల్లా మొత్తం మీద తానొక్కడే ఇట్లా ఉన్నానని అనుకున్నాడట. ఇంట్లో బనగానపల్లె సంబంధం ఒకటి దాదాపు ఖాయం చేస్తున్నారట. నాయనకు తెలిస్తే ఏమవుతుందో తలచుకోవడానికే భయమట. ఫోనులో చదువుదామంటే ఆ ఫోను ఎప్పుడూ అక్క పిల్లల చేతుల్లోనే ఉంటుంది. ఆ మూల బల్ల తప్ప అతనికి వేరే చోటు లేదని నాకు అర్థమైంది.

పంక్చర్ల నవల వచ్చేటప్పటికే కుట్టు ఊడిపోయి ఉంది. అదే బీరువాలో శిథిలమైపోయిన నిమ్మ సాగు పుస్తకం ఇంకొకటి ఉంటే, రెండూ కలిపి కట్టి కడపలో బైండరుకు పంపాను. బైండింగంటే పాత అట్ట తీసేసి, విడిపోయిన ఫారాలను, అంటే పదహారేసి పేజీల మడతలను, వరసగా పేర్చి కుట్టి, నల్ల గుడ్డ అట్ట వేయడం. ఆ అట్ట మీద పేరు ఉండదు, వెనక వైపు తెల్ల సిరాతో సంఖ్య ఒక్కటే. రెండింటికీ ఒకే వర్గ సంఖ్య కనబడేసరికి ఒకే పుస్తకం రెండు భాగాలనుకున్నాడో ఏమో, చివరి ఫారాలు దానివి దీనికీ దీనివి దానికీ కుట్టేశాడు. తిరిగి వచ్చాక పేజీలు సరిచూసుకోవలసినది నేను. చూడలేదు.

మొదట సురేంద్రే కనిపెట్టాడు. పడీపడీ నవ్వి, నవల ముగింపు కోసం నిమ్మ పుస్తకాన్ని ఇంటికే తీసుకుపోయాడు. దానితో భయమేముంది, తెరిస్తే మొదట కనబడేది నిమ్మచెట్టు బొమ్మే. మర్నాడు పొద్దున నాగిరెడ్డిగారు బెంచీ అందరికీ చెప్పారు: "మావాడు నిమ్మతోట పుస్తకం తెచ్చి చదువుతాండాడప్పా! వానికి బుద్ధి వచ్చినట్లే ఉండాది." నేను మొహానికి రిజిస్టరు అడ్డం పెట్టుకున్నాను.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. బెంచీ మీది ఒకాయన ఎందుకో మూలకు పోయి, వ్యవసాయం బీరువాలో చేయి పెట్టి, మిగిలిన నవలల్లో ఒకటి తెరిచాడు. మర్నాడు నాగిరెడ్డిగారు పేపరు కూడా ముట్టుకోకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏమమ్మా, ఇది సరస్వతి ఉండే చోటా, ఇంగేమన్నానా? అవన్నీ ఎత్తి పారేయి. అవి యెవుడు చదువుతాండాడో ఆ పేరు గూడా చెప్పు. వాళ్ల నాయనతో నేను మాట్లాడతా."

ఆ నాయన ఎవరో చెబితే అక్కడే కూలబడేవారు. పుస్తకం ఇక్కడే బల్ల దగ్గర కూర్చుని చదివినా సరే, మా దగ్గర ఇచ్చినప్పుడల్లా జారీ రిజిస్టరులో పేరు రాయాలి. సురేంద్ర పేరు అందులో వరసగా ఉంది. ఆ రిజిస్టరు మా ఇద్దరి మధ్యే ఉంది. ఆయన చేయి దాని మీద పడకముందే నేను మోచేయి ఆనించి కూర్చున్నాను. పుస్తకం తొలగించాలంటే లిఖితపూర్వక ఫిర్యాదు కావాలనీ, ఫిర్యాదుదారు ఆ పుస్తకం మొత్తం చదివి, ఏ పేజీలో ఏ వాక్యం అభ్యంతరమో రాయాలనీ, ఏడింటికీ విడివిడిగా ఇవ్వాలనీ చెప్పాను. అట్లాంటి నిబంధన ఎక్కడా లేదు. అప్పటికప్పుడు నేనే పుట్టించాను. గ్రంథాలయం ముద్ర కొట్టిన తెల్లకాగితం చేతిలో పెడితే ఎంతటివాళ్లయినా నమ్ముతారు. అంతా చదవాల్నా అని నీరసంగా అడిగి, చివరికి ఒకటి తీసుకుని, నేను రిజిస్టరులో తిప్పి పెట్టిన కొత్త పేజీలో సంతకం చేశారు. సిరా ఆరాక నేను మర్యాదగా మనవి చేశాను: రిజిస్టరు తమరికి చూపితే ఊళ్లో ఎవరడిగినా చూపాలి, ఇప్పుడు తమరి పేరు కూడా అందులో ఉంది. ఆయన రిజిస్టరును చూశారు, నన్ను చూశారు. "సామాన్యురాలివి కాదమ్మా నువ్వు" అని పుస్తకాన్ని పేపరులో చుట్టుకుని వెళ్లిపోయారు.

నాలుగు రోజులకు తిరిగి తెచ్చారు. ఫిర్యాదు ఏదని అడిగితే, ఒకటి చాలదు, ఆధారం బలంగా ఉండాలి, ఇంకోటి ఇయ్యి అన్నారు. అట్లా ఆరు నవలలయ్యాయి, ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆరోది ఇస్తూ, "వీడు శానా బాగా రాసినాడమ్మా, ఆ తల్లిని మాత్రం అంత ఏడిపించకుండా ఉండల్ల" అని నోరు జారి, గొంతు సవరించుకుని, గలీజు, ఉత్త గలీజు అని పూర్తి చేశారు. నేను లోపలి గదికి పోయి, పాత పేపర్ల దొంతరలో మొహం దాచుకుని నవ్వుకున్నాను.

ఆ నవ్వులోనే ఒళ్లు మరిచాను. ఏడోది పంక్చర్ల నవల. అది బయటికి పోయిందని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. వరసలో ఉంది గదా అని చేతికిచ్చేశాను.

మూడోరోజు పొద్దున పుస్తకం నా బల్ల మీద ధబీమని పడింది. "ఆ పిల్లోళ్లిద్దరూ బస్టాండులో నిలబడుకోని ఉండారు. బస్సు వచ్చె. ఎక్కుతారా ల్యాదా అని పేజీ తిప్పితే, నిమ్మకు గజ్జి తెగులంట! బోర్డో మిశ్రమం కొట్టాలంట! నాకు తెల్దా గజ్జి తెగులు?" బెంచీ మొత్తం ఇటు తిరిగింది. నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. బైండరు పొరపాటనీ, సరిచేయిస్తాననీ చెప్పాను. ఆయన కదల్లేదు. పుస్తకం తిప్పి, వెనకనున్న సంఖ్య చూసి, నెమ్మదిగా అడిగారు: "అట్లయితే నిమ్మ పుస్తకంలో ఏముండాది?"

నేను ముద్రల డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను. నిమ్మ పుస్తకం ఎవరి దగ్గరుందని ఆయన అడగలేదు. ఎందుకు అడుగుతారు, ఇదే బెంచీకి తానే చెప్పారాయె. తుండుగుడ్డ భుజాన వేసుకుని మెట్లు దిగి పోయారు. ఆ రోజు పేపరు మొదటి మడత వేరెవరో విప్పారు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. ముప్ఫై ఏళ్లలో ఒక్క పాఠకుడి పేరూ ఎవరికీ చెప్పలేదు, ఈసారి నోరు మెదపకుండానే చెప్పేశాను. ఆ పిల్లవాడికి ఏమన్నా అయితే దానికి కారణం నేనూ నా గడుసుదనమూ. సాయంత్రం మూల బల్ల ఖాళీగానే ఉంది. తలుపు చప్పుడైన ప్రతిసారీ లేచి చూశాను.

మర్నాడు సాయంత్రం సురేంద్ర వచ్చాడు, చేతిలో నిమ్మ పుస్తకంతో. కూర్చోమంటే కూర్చోకుండా చెప్పాడు. ముందురోజు ఆఫీసు నుంచి ఇంటికి పోయేసరికి నాయన వసారాలో మంచం మీద కూర్చుని ఆ పుస్తకమే చదువుతున్నాడట. ఆఖరి పేజీ అయ్యేదాకా తల ఎత్తలేదట. ఎత్తి, అవన్నీ చదివింది నువ్వేనా అని అడిగాడట. అవును నాయనా అన్నాడట ఇతను. ఉత్త కథలనుకొనే చదివినావా అని మళ్లీ అడిగితే, కాదు నాయనా అన్నాడట. ఆ తర్వాత నాయన అన్న మాటలు మాత్రం సురేంద్ర ఉన్నవి ఉన్నట్లు చెప్పాడు.

"ఈ పుస్తకం గడువు దాటింది. రేపు ఇచ్చి రాపో. బనగానపల్లె వాళ్లను ఆదివారం రావద్దని ఫోన్ చేసినా."

అంతకంటే ఏమీ అనలేదట. అన్నం తినేటప్పుడు మాత్రం, బస్సు ఎక్కినారులే, మంచిదైంది అని తనలో తాను అనుకున్నాడట. ఇది చెబుతూ సురేంద్ర కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఉద్యోగ ధర్మంలో అది లేకపోయినా.

పుస్తకం మధ్యలో నేను ముద్ర కొట్టి ఇచ్చిన తెల్లకాగితం మడిచి ఉంది. నాగిరెడ్డిగారు నా లేని నిబంధన ప్రకారం పద్ధతిగా పూరించారు. అభ్యంతరకరమైన పేజీ: లేదు. వాక్యం: లేదు. ఫిర్యాదు: నవల చివరి పేజీలు తప్పు పుస్తకంలో కుట్టినారు, చదివేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది, వెంటనే సరిచేయించవలెను. కింద సంతకం. రెండు పుస్తకాలూ మళ్లీ కడపకు పంపి, తిరిగి వచ్చాక ఈసారి పేజీలు సరిచూసుకుని, దాన్ని పరిష్కరించినట్లు రాసి ఫైలులో పెట్టాను.

ఈ వ్యవహారంలో నాకు తెలిసివచ్చింది ఒక్కటే. గ్రంథపాలకులు దాచవలసింది చదివినవాళ్ల పేరు, పుస్తకాన్ని కాదు. నేను పుస్తకాన్ని దాచబోయి పేరును బయట పడేశాను. ఆ తండ్రి అట్లాంటివాడు కాబట్టి ఇది నవ్వుతూ రాయగలుగుతున్నాను, అందులో నా గొప్పేమీ లేదు.

మరుసటి పొద్దున, బెంచీ మీదివాళ్లు చూస్తుండగానే, ఏడింటి మీదా ఆరువందల ముప్ఫై కొట్టేసి, పక్కన పొడి సంతకం చేసి, తలుపుకెదురుగా ఉన్న నవలల బీరువాలో నిలబెట్టాను. నాగిరెడ్డిగారు పేపరు మొదటి మడత విప్పుతూ అంతా చూశారు. కాసేపటికి లేచి వచ్చి, అందరికీ వినబడేలా, "ఎనిమిదోది యెప్పుడొస్తాదమ్మా?" అని అడిగారు.