ఆయాసం నాదే

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ పెద్దమ్మకు ఒక ముసలి గొర్రె ఉండేది. దానికి ఏళ్ల తరబడి దగ్గు, ఆయాసం. ఊపిరితిత్తులు పాడయ్యాయని, మందులతో నెట్టుకురావడమేనని పశువుల డాక్టరు చెప్పేశాడు. మేతకు వెళ్తూ అది మాటిమాటికీ ఆగి, మెడ చాచి, డొక్కలెగరేస్తూ గాలి పీల్చేది. పెద్దమ్మ కూడా ఆగి నడుం మీద చెయ్యి వేసుకునేది.

మాంసం కొట్టతను చూస్తే వదిలేవాడు కాదు. "దీదీ, అదింక ఎన్నాళ్లో బతకదు. నాకిచ్చెయ్."

"దానికేటైనాది? ఆయాసం నాది. నా కోసరమే అది ఆగినాది," అనేది పెద్దమ్మ.

పాపం, వయసు మీద పడింది కదా అని నేనూ నమ్మాను.

ఒక వానాకాలం గొర్రెకు మరీ ఎక్కువైతే పశువుల ఆసుపత్రికి తోడు వెళ్లాను. పట్టాల మీది వంతెన మెట్ల దగ్గర అది కూలబడింది. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, గొర్రెను భుజాల మీద వేసుకుని, ఎక్కడా ఆగకుండా పైకెక్కేసింది. మందుల సంచీ మోసిన నేను రొప్పుతూ చేరేసరికి, దాన్ని దించి పక్కనే నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి వేసుకుని.

"కూసింత ఆగమ్మా. ముసలిదాన్ని గదా, ఇన్ని మెట్లెక్కినాను, ఆయాసమొచ్చేసినాది నాకు."

అంత మాటా ఒక్క ఊపిరిలో అనేసింది.